తరిగొండ వెంగమాంబ స్వీయకథనం: నిరాశ్రయత, అలౌకికానుభవం

తరిగొండ వెంగమాంబ (సుమారు 1730–1817) విడిగా ఆత్మకథ రాయలేదు. ఆమె కాలానికి తెలుగులో ఆ ప్రక్రియ ఇంకా రూపుదిద్దుకోలేదు. కవి తన గురించి చెప్పుకోవడానికి కావ్యం మొదట అవతారిక, ఆశ్వాసం చివర గద్య ఉండేవి. వెంగమాంబ ఆ చోటునే వాడుకుంది. తల్లిదండ్రులు, గురువు, ఇష్టదైవం, తనకు కవిత్వం అబ్బిన తీరు అక్కడ కనిపిస్తాయి. ఇల్లు విడవడం, గుడిలో చోటు పోవడం, అడవిలో గడపడం మాత్రం ఎక్కువగా జనశ్రుతి వల్ల తెలుస్తున్నాయి. ఈ రెండు ఆధారాలనూ కలగలిపి చదివినప్పుడు ఆమె చరిత్ర మహిమల వరసగా మారిపోతుంది, మనిషి కనుమరుగవుతుంది.

మదనపల్లె, తంబళ్లపల్లెలకు పొరుగున, వాయల్పాడు (నేటి వాల్మీకిపురం) దగ్గరి తరిగొండ ఆమె స్వగ్రామం. తండ్రి కృష్ణయ్య, తల్లి మంగమాంబ. నందవరీక బ్రాహ్మణ కుటుంబం. చిన్ననాటనే పెళ్లి చేశారు, భర్త త్వరలోనే చనిపోయాడు. ఆనాటి ఆచారం ప్రకారం ఆమె జుట్టు తీయించుకుని, పసుపుకుంకుమలు విడిచి ఇంట్లో ఒక మూల బతకాలి. ఆమె అందుకు ఒప్పుకోలేదు. వేంకటేశ్వరుడే తన భర్త అని నిలబడింది. పుష్పగిరి పీఠాధిపతి ముందు నిలబెట్టినా ఆమె లొంగలేదని, ఆయన లేచిన పీఠానికి ఆమె నమస్కరిస్తే అది కాలిపోయిందని కథ చెబుతారు. పీఠం సంగతి ఎలా ఉన్నా, ఒక బాలవితంతువు మీద ఊరూ మఠమూ కలిసి తెచ్చిన ఒత్తిడి ఎంతటిదో ఆ కథలో తెలుస్తూనే ఉంది.

మదనపల్లెలోని రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువు. ఆయన దగ్గర యోగమార్గం నేర్చుకుని తరిగొండ లక్ష్మీనరసింహస్వామి ఆలయంలో, ఆంజనేయ విగ్రహం వెనక ఎవరి కంటా పడకుండా ధ్యానం చేసేదట. అర్చకుడు చూసి కోపంతో బయటికి వెళ్లగొట్టాడని, ఆమె తిరుమల దారి పట్టిందని స్థానిక కథనం. పుట్టిల్లు అనే ఆసరా అప్పటితో పోయింది. తిరుమలలో హథీరాంజీ మఠం మహంతు ఆత్మారాందాసు ఆమెకు తలదాచుకునే చోటు ఇచ్చాడు. అక్కడా పొరుగువారి వేధింపు తప్పలేదంటారు. ఆమె శేషాచలం అడవిలోని తుంబురుకోనకు వెళ్లి కొన్నేళ్లు తపస్సు చేసింది. ఈనాటికీ ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి తప్ప జనసంచారం అంతగా లేని లోయ అది.

అలౌకికానుభవం గురించి ఆమె తానుగా చెప్పుకున్న మాటల్లో అన్నిటికన్నా విలువైనది వేంకటాచల మాహాత్మ్యం అవతారికలో ఉంది. తాను గురువు దగ్గర కూర్చుని ఓనమాలైనా దిద్దలేదని, ఛందస్సూ అలంకారమూ ఎరగనని, తరిగొండ నృసింహుడే తన చేత పలికిస్తున్నాడని ఆమె అంటుంది. దీన్ని వట్టి వినయంగా కొట్టివేయడానికి లేదు, అక్షరాలా నమ్మడానికీ లేదు. మొల్ల కూడా రామాయణం మొదట్లో తనకు శాస్త్రాలు తెలియవనే చెప్పుకుంది. కానీ వెంగమాంబ రచనలు చూస్తే నృసింహ శతకం, యక్షగానాలు, ద్విపదలో భాగవతం, వాసిష్ఠ రామాయణం, రాజయోగామృతసారం, తత్వకీర్తనలు ఉన్నాయి. యోగ పరిభాష మీద, ద్విపద నడక మీద ఆమెకున్న పట్టు శ్రద్ధగా సాధించిందే. చదువుకూ శాస్త్రానికీ అధికారం లేదన్న స్త్రీ ఆ అధికారాన్ని నేరుగా దేవుడి దగ్గర తెచ్చుకుంది. ఊరు తీసేసిన చోటును ఆమె అవతారికలో తిరిగి సంపాదించుకుంది. వెళ్లగొట్టిన గుడిలోని దేవుణ్ణే కృతుల్లో తరిగొండ నృసింహుడిగా పిలవడం గమనించదగ్గది. మరాఠీలో 17వ శతాబ్దపు బహిణాబాయి భర్త పెట్టిన హింసను అభంగాల్లో స్వయంగా చెప్పుకుంది. వెంగమాంబ తన కష్టాన్ని అంత విప్పి చెప్పలేదు. ఆమెది దైవానుభవం చుట్టూ అల్లిన స్వీయకథనం.

తుంబురుకోన నుంచి తిరిగి వచ్చాక తిరుమల ఆమెను గౌరవించింది. దాతలు ఇచ్చిన సొమ్ముతో అన్నదానం నడిపించింది. ఏకాంతసేవలో తాళ్లపాక వారి లాలి తర్వాత ఆమె పేరిట ముత్యాలహారతి ఇస్తారు. "తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి" అన్న నానుడి అలా పుట్టింది. ఆమె బృందావనం తిరుమలలోనే ఉంది. 2011లో ప్రారంభమైన తిరుమల అన్నప్రసాద భవనానికి తిరుమల తిరుపతి దేవస్థానం ఆమె పేరే పెట్టింది. తలదాచుకునే చోటు కోసం కొండెక్కిన మనిషి పేరున రోజూ వేలమందికి అన్నం పెడుతున్నారు.

వెంగమాంబ జీవితం మీద పని చేసేవారు ముందుగా ఆమె కృతుల అవతారికలను, గద్యలను పక్కపక్కన పెట్టి చదవాలి. మహిమల కథలను ఆ తర్వాత, తరిగొండలోనూ మదనపల్లెలోనూ జనం చెప్పే రూపంలోనే నమోదు చేసి, విడిగా పరిశీలించాలి.