ఉగాది ముందు డేగలు

వినండర్రా ఆ కూత. కోయిలే. దీపాలు పెట్టే వేళ దాటినా ఆపలేదు చూడండి. కంపెనీల మేడల మధ్య నాటిన ఆ చెట్లలోనే ఎక్కడో ఉంది. మీ అమ్మ తెల్లవారుజామున దీని కూతకు నిద్ర చెడుతోందని విసుక్కుంటుంది గానీ, నాకు మాత్రం ఈ రోజుల్లో ఆ గొంతు వినబడితే ప్రాణం లేచొస్తుంది.

ఇది ఈ మలేషియా దేశంలో నిలదొక్కుకోవడం వెనక ఒక కథ ఉంది. కోయిల గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. ఊరకాకి ఈ నేలది కాదు, మనలాగే ఓడెక్కి వచ్చింది. 1890ల ప్రాంతంలో క్లాంగ్ వైపు కాఫీ తోటలకి గొంగళిపురుగు పట్టిందట. వాటిని ఏరుకు తింటాయని దొరలు సింహళం నుంచి కాకుల్ని తెప్పించి వదిలారు. కాఫీ తోటలు పోయి రబ్బరు వచ్చింది, రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది, కాకి మాత్రం ఉండిపోయింది. కాకులు పెరిగిన చోటల్లా కోయిల కూడా కాపురం పెట్టింది. సింగపూర్‌లో అయితే 1980ల దాకా అది చలికాలానికి వచ్చిపోయే చుట్టమే. చుట్టం కాస్తా ఇంటిమనిషైంది. మనం అయినట్టే.

మీరు పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి మీకు తెలీదు. ఈ దేశానికి వసంతం లేదు. శిశిరం లేదు, ఆకురాలే కాలం లేదు. ఏడాది పొడుగునా ఒకటే ఎండ, ఒకటే వాన. మామిడి దానికి తోచినప్పుడు పూస్తుంది. మరి ఉగాది వస్తోందని ఎలా తెలుస్తుంది? పంచాంగం చూసి పంతులు చెప్పాలి. మేం పెరిగిన ఎస్టేట్లో పంతులు లేనప్పుడు, పంచాంగం రానప్పుడు, మా పెద్దలు పిట్టల్ని చూసి చెప్పేవాళ్ళు. ఇక్కడ లేని వసంతాన్ని మాకు చూపించింది అవే. అందుకే ఈ ముచ్చట మీకు చెప్పాలని నాకింత ఆత్రం.

మా తాతది టెక్కలి పక్కన ఒక పల్లె. అప్పట్లో అది గంజాం జిల్లా. మేస్త్రీ వచ్చి, అక్కడ కొబ్బరితోటల్లో పని, నెలనెలా జీతం అంటే నమ్మి ఓడెక్కాడు. మనవాళ్ళని ఇక్కడికి తెచ్చిందని ముసలాళ్ళు చెప్పుకునే రజులా ఓడ 1926లో కట్టింది, తాత దానికంటే ముందే వచ్చాడు. పినాంగు దరికి చేరాక నేరుగా దిగనివ్వలేదు. జెరెజాక్ దీవిలో రోగాలేమీ లేవని తేలేదాకా ఉంచి, తర్వాత పెరాక్ నది కడలిలో కలిసే చోట, బాగాన్ దాతో కొబ్బరి ఎస్టేట్లకి పంపారు. అక్కడ లైను ఇళ్ళలో ఎటు చూసినా శ్రీకాకుళం, విశాఖపట్నం మాటే. రామమందిరం, తెలుగు బడి, సంక్రాంతి ముగ్గులు అన్నీ ఉండేవి. 1938లో ఇండియా సర్కారు కూలీల్ని పంపడం ఆపేసింది. ఆ తర్వాత యుద్ధం. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఉండిపోయారు.

మా నాయనమ్మ ఊరు వదిలొచ్చినా, ఊరి పక్షుల్ని వదల్లేదు. తేలినీలాపురం అని ఆమె పుట్టింటి దగ్గరే ఉందట. అక్కడ ఇళ్ళ మధ్య చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెట్టేవి. వానలు వెనకబట్టాక వచ్చి, పిల్లల్ని లేపి, నౌపడ ఉప్పు మడుల్లో, చిత్తడిలో మేసి, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోయేవి. వాటి రెట్టల కంపు భరించి, మీద పడినా తిట్టకుండా, గూట్లోంచి జారిన పిల్లని ఎత్తి కాపాడేవాళ్ళట ఆ ఊరివాళ్ళు. పక్షులు రాని ఏడు పంట ఉండదని నమ్మకం. పక్క ఫ్లాట్‌లో ఉంటున్న అబ్బాయిది టెక్కలే, మొన్న అడిగాను. ఇప్పటికీ వస్తున్నాయి తాతగారూ, చూడ్డానికి టవర్ కూడా కట్టారు అన్నాడు. నాయనమ్మ ఈ మాట వినుంటే ఎంత మురిసిపోయేదో! ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి అనే ఊళ్ళో నత్తగుల్ల కొంగలకీ ఇదే మర్యాద. అవి తొలకరికి వచ్చి చలికాలం మొదట్లో పోతాయి.

ఇక మా ఎస్టేట్ సంగతి. అది సముద్రం మట్టానికి కాస్త కిందే ఉండేది. ఉప్పునీరు తోటలోకి రాకుండా పొడుగునా మట్టిగట్టు, గట్టుకి తూములు. మా నాన్న తూము కాసేవాడు. పోటు వచ్చేముందు తలుపు దించాలి, ఆటు తీసినప్పుడు ఎత్తి తోటలో నిలిచిన వాననీటిని సముద్రంలోకి వదలాలి. ఆటుపోట్లకి పగలూ రాత్రీ లేదు గదా, నేను సద్దిమూట పట్టుకుని ఏ వేళకైనా వెళ్ళేవాణ్ణి. ఆటు తీసిందంటే మడచెట్ల అవతల మైళ్ళకొద్దీ బురద బయటపడేది. ఆ బురద నిండా ఉల్లంకి పిట్టలు. చిన్నవి, పెద్దవి, ఎర్రకాళ్ళవి, పొడుగాటి వంకర ముక్కువి. పోటు ఎక్కుతుంటే అవి వెనక్కి వెనక్కి జరిగి చివరికి మా గట్టు మీదికి చేరేవి. ఒంటికాలి మీద నిలబడి, ముక్కు వీపులో దోపుకుని, నీరు తీసేదాకా అన్నీ గాలికి ఎదురుగానే ఉండేవి. అలికిడి చెయ్యొద్దనేవాడు నాన్న. ఒకసారి లేపితే అవి తిన్నదంతా రెక్కల్లో ఖర్చైపోతుంది, రాత్రి ఆకలితో ఉంటాయి అని. బడి చదువు లేని మనిషి. ఆ మాట తర్వాత ఎంత పెద్ద శాస్త్రజ్ఞులు చెప్పగా విన్నానో!

మార్చి నెల వచ్చేసరికి వాటి రంగు మారేది. అన్నాళ్ళూ బురదరంగులో ఉన్న పిట్టలకి రొమ్ము మీద ఇటుకరంగు ఎక్కేది, కొన్నిటికి నల్లమచ్చలు దిగేవి. ఒళ్ళు బలిసేది. ఎగరబోయే ముందు కొన్ని జాతులు తమ బరువుకి దాదాపు రెట్టింపు బరువెక్కుతాయి, ఆ కొవ్వే దారిబత్తెం. అప్పుడు నాన్న ఇంటికొచ్చి అమ్మతో, 'ముస్తాబవుతున్నాయే, కొత్త చింతపండు చూసుకో' అనేవాడు. అంటే ఉగాది పచ్చడికన్నమాట. ఒక సాయంత్రం గట్టు మీద గుంపంతా ఉండుండి గోలగోలగా అరిచేది, లేచేది, దిగేది, మళ్ళీ లేచేది. లేచిన కొన్ని దిగేవి కాదు. ఎత్తుకెళ్ళి, బారులు కట్టి, ఉత్తరంగా పోయేవి. మర్నాడు బురద మీద ఆ మేరకు ఖాళీ కనబడేది. మా నాన్న ఆ ఖాళీ వైపు చాలాసేపు చూసేవాడు. ఆయన పుట్టింది ఇక్కడే, తన తండ్రి ఊరు కళ్ళతో ఎరగడు. ఉత్తరం అంటే ఆయనకి ఆ ఊరే.

అవి పోయేది మాత్రం టెక్కలికి కాదు. సైబీరియా దాకా. వాటిల్లో ఒక జాతి సంగతి చెబితే మీరు నమ్మరు. ముక్కు కాస్త పైకి తిరిగిన పెద్ద ఉల్లంకి, తోక మీద చారలుంటాయి. దాని ఒంట్లో చిన్న యంత్రం పెట్టి ఉపగ్రహంతో వెంబడించారు. 2007లో ఒక ఆడపక్షి అలాస్కా నుంచి న్యూజిలాండ్ దాకా మధ్యలో ఎక్కడా వాలకుండా 11,000 కిలోమీటర్లకి పైగా ఎగిరింది. 2022లో అయిదు నెలల పిల్ల ఒకటి అలాస్కా నుంచి టాస్మానియాకి 13,560 కిలోమీటర్లు ఒక్క బిగిన పోయింది. తిండి లేదు, నీళ్ళు లేవు, నేల మీద కాలు పెట్టింది లేదు.

ఉత్తరానికి వెళ్ళేటప్పుడు మాత్రం చాలావాటికి నడిమిలో మజిలీ కావాలి. ఆ మజిలీ చైనాకీ కొరియాకీ మధ్యనున్న పసుపు సముద్రపు బురదనేల. దక్షిణ కొరియాలో సేమాంగియమ్ అనే చోట 33 కిలోమీటర్ల గోడ కట్టి 2006లో మూసేశారు. నీరు రావడం ఆగింది, గుల్లలు చచ్చాయి. అక్కడ వేలకివేలు దిగే పెద్ద నాట్ అనే ఉల్లంకి పిట్టలు తర్వాత మళ్ళీ ఆ లెక్కలో ఎక్కడా తేలలేదు. మరోచోటికి సర్దుకుంటాయిలే అన్న మాట అబద్ధమైపోయింది. ఎక్కడో కొరియాలో కట్టిన గోడకి మన సెలంగోర్ తీరం బురద వెలవెలబోతుంది, అర్థమైందా? మన కాపార్ దగ్గరా, బాగాన్ దాతోలోనూ బురద పూడిస్తే సైబీరియాలో గూళ్ళు ఖాళీ అవుతాయి. తర్వాత కొంత కళ్ళు తెరిచారు. పసుపు సముద్రపు బురదల్ని చైనా వైపు 2019లో, కొరియా వైపు 2021లో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. ఆ వార్త చదివిన రోజు నేను పూజగదిలో ఇంకో దీపం పెట్టాను.

అసలు డేగల సంగతికి వస్తాను. ఫాల్గుణంలో, ఎండ బాగా కాసే వేళ, ఆకాశంలో చాలా ఎత్తున డేగలు గుంపుగా కనబడేవి. ఒకటి కాదు, రెండు కాదు. తిరగలి తిప్పినట్టు ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ పైకెక్కి, రెక్క ఆడించకుండా ఉత్తరానికి జారిపోయేవి. అమ్మ కంగారుగా కోడిపిల్లల్ని గంప కింద మూసేది. పాపం, వాటిల్లో ఎక్కువభాగం తేనె డేగలు. వాటికి కోడిపిల్లతో పనిలేదు. కందిరీగల తుట్టెలు, తేనెపట్లు తవ్వుకుని అందులో పురుగుల్ని తింటాయి. కుట్టినా బాధ లేకుండా ముఖం మీద ఈకలు పొలుసుల్లా దట్టంగా ఉంటాయి. ఆ డేగలు కనబడ్డాక ఉగాది ఎంతో దూరం ఉండేది కాదు. ఎస్టేట్లో అందరికీ అదే గుర్తు.

ఇప్పుడు మనం కూర్చున్న ఈ సైబర్‌జయ ఉందే, ఇదీ ఎస్టేటే. పక్కన పుత్రజయ ఉన్నచోట ప్రాంగ్ బెసార్ తోట, మొదటి యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఇంగ్లీషు అధికారులు 1921లో వేశారు. మా అక్కని ఆ తోటలోకే ఇచ్చాం. అక్కడ పామాయిల్ చెట్ల కింద ఎలకలు విపరీతం, వాటికోసం కొయ్య పెట్టెలు కట్టి తెల్లగూబల్ని పెంచేవాళ్ళు. రాత్రిపూట అవి బుసకొడుతుంటే అక్క పిల్లలు జడుసుకునేవాళ్ళు. తర్వాత పుత్రజయ కట్టారు, తోట మనుషుల్ని దెంకిల్‌లో తామన్ పెర్మాతా ఫ్లాట్లకి పంపారు. ఈ సైబర్‌జయని 1997 మేలో అప్పటి ప్రధాని మహతీర్ ప్రారంభించాడు. మీ నాన్న ఉద్యోగం పుణ్యమా అని నేనూ వచ్చి చేరాను.

ఇక్కడ ఏముంటాయి తాతా అన్నావు కదరా నువ్వు. కాలవ పక్కన ఉడుము మొసలంత ఉంటుంది, చూశావు. కోతులు చెత్తబుట్టలు తిరగేస్తాయి. లకుముకి పిట్ట ఏడాదంతా వీధిదీపం స్తంభం మీదే. చలికాలపు నెలల్లో తీగల మీద వానకోవెలలు, నీలితోక పసిరికలు వచ్చి వాలతాయి. పుత్రజయలో సుమారు 200 హెక్టార్ల చిత్తడి మడుగులు తవ్వారు, సరస్సులోకి వచ్చే నీటిని వడకట్టడానికి. కొంగలు అడక్కుండానే వచ్చి చేరాయి. కాస్త నీరు, కాస్త గడ్డి చాలు వాటికి. డేగలు మాత్రం ఇక్కడ పైపైన పోతాయి. వాటిని దగ్గరగా చూడాలంటే తంజుంగ్ తువాన్ పోవాలి.

పోర్ట్ డిక్సన్ దగ్గర సముద్రంలోకి పొడుచుకొచ్చిన అడవి గుట్ట అది. చుట్టూ నెగ్రి సెంబిలాన్, ఆ ముక్క మాత్రం మలక్కాది. పైన ఓడలకి దారి చూపే దీపస్తంభం, పోర్చుగీసు వాళ్ళ కాలంలోనే అక్కడ మొదట దీపం పెట్టారంటారు. ఎదురుగా సుమత్రా పక్కన రూపాత్ దీవి, మధ్యన దాదాపు 40 కిలోమీటర్ల నీళ్ళు. డేగ నేల మీద వేడిగాలి పట్టుకుని పైకెక్కుతుంది, అలా ఎక్కి జారిపోవడమే దాని ప్రయాణం. సముద్రం మీద ఆ వేడిగాలి పైకి లేవదు. రెక్కలాడించి ఎగరాలి, బరువైన పక్షికి అది చచ్చే చాకిరీ. అందుకని జావా, సుమత్రాల్లో చలికాలం గడిపినవి చాలావరకు జలసంధి సన్నగా ఉన్న ఆ చోటే దాటతాయి. పొద్దెక్కి రూపాత్ నేల వేడెక్కాక బయల్దేరితే, పదకొండు, పన్నెండుకి ఈ గుట్ట చేరతాయి. అలిసిపోయి చెట్ల కొనలకి తగిలేంత కిందుగా వస్తాయి. నేను చూశాను, కళ్ళ రంగు కూడా కనబడింది. రెక్క ఈకలు గాలికి కొట్టుకునే చప్పుడు వినబడింది. గుట్ట మీద వేడిగాలి దొరికిందో, క్షణాల్లో గుండ్రంగా తిరిగి ఎత్తుకెళ్ళిపోతాయి. తేనె డేగల వెంట జపాను డేగలు, చైనా డేగలు, తలమీద కుచ్చు ఉన్న నల్ల డేగల గుంపులు కూడా ఉంటాయి.

తేనె డేగల్లో జపాను పోయేవి ఉన్నాయి చూశారూ, వాటి తెలివికి దండం పెట్టాలి. ఆకురాలు కాలంలో వచ్చేటప్పుడు జపాను నుంచి చైనాకి తూర్పు చైనా సముద్రం మీదుగా 700 కిలోమీటర్లు తిన్నగా దాటతాయి, వెనక నుంచి అనుకూలమైన గాలి ఉంటుంది కాబట్టి. వసంతంలో తిరిగి వెళ్ళేటప్పుడు ఆ గాలి ఉండదు. అందుకని చైనా నేల మీదుగా చుట్టు తిరిగి, కొరియా దాకా పోయి, అక్కణ్ణించి జపానులో దిగుతాయి. దూరం ఎక్కువైనా ఆ దారే.

మలేషియన్ నేచర్ సొసైటీ వాళ్ళు 2000 నుంచి మార్చిలో అక్కడ డేగల పండగ చేస్తున్నారు. లెక్క రాసుకునేవాళ్ళు దీపస్తంభం దగ్గర పొద్దున్నుంచీ మెడలు పైకెత్తి కూర్చుంటారు. చైనా వాళ్ళు, మలాయ్ వాళ్ళు, తమిళులు అందరూ వస్తారు. మన తెలుగు మాట మాత్రం నాకు అక్కడ ఎప్పుడూ వినబడలేదు. ఈసారి వినబడాలి.

ఆదివారం బయల్దేరదాం. పక్కింటి టెక్కలి అబ్బాయిని కూడా పిలవండి, నాయనమ్మ ఊరివాడు. నీళ్ళసీసాలు, టోపీలు, మీ నాన్న దుర్భిణి మర్చిపోవద్దు. పులిహోర నేను చెప్పి చేయిస్తాను. పోర్ట్ డిక్సన్ గంటన్నర దారి అనుకోండి, పది లోపు గుట్టెక్కి నీడ చూసుకుని కూర్చోవాలి. ముందే వచ్చాం, ఏమీ లేవని పదింటికే గోల పెట్టొద్దు. ఎండ ముదరనివ్వండి. సముద్రం వైపే చూడాలి, పైకి కాదు, నీళ్ళకి కాస్త పైన. మొదటిది కనబడ్డవాళ్ళు గట్టిగా అరవకుండా నా చెయ్యి పట్టుకుని చూపించండి, నా చూపు ఈమధ్య అంత దూరం ఆనడం లేదు.