రాత నిలిచింది, పలుకు కదిలింది

మధ్యయుగపు వీరయోధుణ్ణి ఇంగ్లీషులో ‘నైట్’ అంటారు. రాసేటప్పుడు మాత్రం మొదట ఒక ‘కె’, నడుమ ‘జి’, ‘హెచ్’ చేర్చాలి. 14వ శతాబ్దిలో, కవి చాసర్ కాలంలో, అవి మూగ అక్షరాలు కావు. జనం ఆ మాటను దాదాపు ‘క్నిఖ్ట్’ అని పలికేవారు. పలికినట్టే రాసేవారు.

1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం నెలకొల్పాడు. ముద్రణ వల్ల స్పెల్లింగులు క్రమంగా స్థిరపడుతుంటే, మరోవైపు దీర్ఘాచ్చుల ఉచ్చారణ తారుమారవుతూ వచ్చింది. సుమారు 1400 నుంచి 1700 దాకా సాగిన ఈ పరిణామానికి ‘గ్రేట్ వవల్ షిఫ్ట్’ అని పేరు. ‘హూస్’ కాస్తా ‘హౌస్’ అయింది. పలుకు మారినా రాత మారలేదు.

పండితులూ తమ వంతు చిక్కులు తెచ్చారు. ఫ్రెంచి నుంచి వచ్చిన ‘డెట్’ అనే మాటలో లాటిన్ మూలం కనబడాలని ‘బి’ని ఇరికించారు. ‘ఐలండ్’లోని ‘ఎస్’ అయితే పొరపాటు చుట్టరికమే. ఆ పాత ఇంగ్లీషు మాటకు లాటిన్ ‘ఇన్సులా’తో సంబంధమే లేదు.

అసలు తమాషా ఇంటిపేర్లలో ఉంది. అక్షరాలు కూడబలుక్కుంటే ‘చోల్మొండెలీ’ అనిపించే పేరును ‘చమ్లీ’ అంటారు. చెషైర్‌లోని ఒక ఊరి పేరది. తరాల నోళ్లలో నలిగి అరిగిపోయింది. ‘ఫెదర్‌స్టన్‌హా’ అని రాసుకున్నవారిలో కొందరు ‘ఫ్యాన్‌షా’లు. ‘బోషాంప్’ అనే ఫ్రెంచి పేరు ఇంగ్లండులో ‘బీచమ్’గా స్థిరపడింది.

స్కాట్లండు పేరు ‘మెంజీస్’ది మరో కథ. అందులోని ‘జెడ్’ నిజానికి ‘యోగ్’ అనే పాత అక్షరం. ఆ అచ్చు లేని ముద్రాపకులు చూపుకు దగ్గరగా ఉన్న ‘జెడ్’ వాడేశారు. అక్కడి సంప్రదాయ ఉచ్చారణ ‘మింగిస్’. బ్రిటిష్ రాజకీయ నాయకుడు మెంజీస్ క్యాంబెల్‌ను అందరూ ‘మింగ్’ అని పిలవడానికి కారణమిదే.

సంస్కర్తలు లేకపోలేదు. నోవా వెబ్‌స్టర్ 1828 నాటి నిఘంటువులో ‘కలర్’ నుంచి ‘యు’ను తొలగించాడు, అమెరికా ఒప్పుకుంది. 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 300 మాటలను సరళంగా రాయమని ఆదేశిస్తే అమెరికన్ కాంగ్రెస్ అడ్డుకుంది. కొత్త లిపి కోసం బెర్నార్డ్ షా వీలునామాలో డబ్బు కేటాయించాడు. ఆ లిపిలో ఆయన నాటకం ఒకటి 1962లో వెలువడినా, వాడేవారు కరువయ్యారు.

మాటల ఉచ్చారణకైతే నిఘంటువు ఉంది. ఇంటిపేరు ఎదురైనప్పుడు మాత్రం ఆ పేరుగల మనిషినే అడగడం మేలు.