వారమునకొక సూది: దాని పుట్టుపూర్వోత్తరములు

స్థూలకాయమును తగ్గించుటకై వారమున కొక్కమారు పొట్టమీది చర్మము క్రింద పొడుచుకొను సూదిమందు, సెల్‌ఫోనులోనే వైద్యుని సంప్రదించి యింటికి తెప్పించుకొనదగిన వస్తువై, నేడు లోకమంతట సంభాషణావిషయ మైనది. ఇది నిన్నమొన్న పుట్టినదని తలంచువారే పెక్కురు. కాని దీని మూలములు 1902వ సంవత్సరమున లండను యూనివర్సిటీ కాలేజీలో బేలిస్, స్టార్లింగ్ అను నిరువురు శరీరశాస్త్రజ్ఞులు చేసిన యొక ప్రయోగమున నున్నవి. నాడీసంబంధమును తెంచివేసిన ప్రేగుభాగములో ఆమ్లమును పోసినను క్లోమగ్రంథి రసమును స్రవించుట వారు చూచిరి. నాడి తెగినను వార్త చేరినది. కనుక దానిని మోసినది రక్తమే కావలెను. అన్నము నడచు గొట్టముగా మాత్రమే ఎంచబడిన ప్రేగు, రక్తమార్గమున ఇతరాంగములకు ఆజ్ఞలు పంపునని నాడు తేలినది.

ఈ జాడ ననుసరించి 1906లో లివర్‌పూలునందు మూర్ అను శాస్త్రజ్ఞుడు ప్రేగు లోపొర నుండి తీసిన సారమును మధుమేహరోగులచే సేవింపజేసి చూచెను. అప్పటికి ఇన్సులినే వెలువడలేదు. దానిని రక్తములో కొలుచు పద్ధతియైతే మఱి యర్ధశతాబ్దమునకు గాని, న్యూయార్కు బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో రోసలిన్ యాలో, సోలొమన్ బెర్సన్ అనువారి చేత సిద్ధము కాలేదు. ఆ కొలమానము చేతికి వచ్చిన పిదప, గ్లూకోజును సిరలోనికి ఎక్కించినప్పటికంటె ప్రేగులోనికి పంపినప్పుడు ఇన్సులిన్ అధికముగా నూరునని 1964లో రుజువైనది. మనము భుజించినంతనే ప్రేగు క్లోమమును ముందుగా హెచ్చరించుచున్నదన్నమాట. ఆ హెచ్చరిక నందించు పదార్థ మేది?

సమాధానము చేపలో దొరకినది. ఆంగ్లర్ అను సముద్రపు చేపలో ఇన్సులిన్ మొదలగువానిని చేయు కణములు ప్రత్యేకాంగముగా నుండును గనుక, బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో జోయెల్ హబెనర్ బృందము దానినే యెన్నుకొని, గ్లూకగాన్ అను హార్మోను జన్యువును విడదీసి, అందు గ్లూకగానుతోపాటు దానిని పోలిన మరియొక పదార్థపు సూత్రము కూడ లిఖితమై యుండుట 1982లో గుర్తించెను. మరుసటి యేడు క్షీరదముల జన్యువులో కనబడిన అట్టి పదార్థమే జీఎల్‌పీ-1. కాని ఆ పదార్థమగు అమైనో ఆమ్లముల పొడవైన గొలుసులో నిజముగా పనిచేయు భాగ మెంతవరకు? స్కోప్యేలో జన్మించి, రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున పెప్టైడుల రసాయనమును నేర్చిన స్వెత్లానా మోయ్‌సోవ్ అను విదుషి, ఏడవ స్థానము నుండి ముప్పదియేడవదాక గల భాగమే క్రియాశీలమని యూహించి, దానిని తన చేతులతో తయారుచేసి, ఎలుక క్లోమమునుండి అది ఇన్సులినును రప్పించుట 1987లో చూపించెను. కోపెన్‌హేగెనులో యెన్స్ హోల్స్ట్ బృందము కూడ ఇంచుమించు అదే కాలమున అదే సత్యమును చేరెను. పేటెంటు పత్రములలో తన పేరు చేర్పించుకొనుటకు ఆ విదుషి దీర్ఘకాలము పోరాడవలసివచ్చినది. 2024లో హబెనర్‌తో సమానముగా లాస్కర్ పురస్కారము నందుకొన్నది. ఆలస్యమైనను ఆ న్యాయము జరిగినందులకు మనము సంతసింపవలెను.

ఇంతటి పదార్థము మందు కాజాలకపోయినది. ఏలయన, రక్తములోని యొక ఎంజైము దానిని వెంటనే ఖండించుటచే దాని యర్ధాయువు సుమారు రెండు నిమిషములు మాత్రమే. రోగికి రేయింబవళ్లు సూది గుచ్చియే యుంచినగాని ప్రయోజనము లేదు.

ఇక్కడ కథలోనికి ఒక బల్లి ప్రవేశించుచున్నది. ఆరిజోనా, సోనోరా ఎడారులలో నివసించు గీలా మాన్‌స్టర్ నలుపు నారింజ వన్నెల పూసలు పేర్చినట్టి చర్మము గల విషజంతువు. ఏడాదిలో కొలదిమారులు భుజించి మిగిలిన కాలము నెట్టుకొని పోగలది. యాలో పనిచేసిన ఆ బ్రాంక్స్ ఆసుపత్రిలోనే జాన్ ఎంగ్ అను వైద్యుడు ఆ బల్లి విషమును పరిశీలించి, అందు 39 అమైనో ఆమ్లముల గొలుసైన ఎక్సెండిన్-4ను 1992లో ప్రకటించెను. అది జీఎల్‌పీ-1 వలెనే పనిచేయును; కాని ఎంజైమునకు లోబడదు. దానిని కృత్రిమముగా చేసిన ఎక్సెనటైడ్ 2005లో దినమునకు రెండుమారుల సూదిగా అమెరికాలో అనుమతి పొందినది. విషప్రాణుల పరిశోధన వృథావ్యయమని తలంచువారికి ఈ యొక్క వృత్తాంతమే ప్రత్యుత్తరము.

అదే కాలమున డెన్మార్కు కంపెనీ నోవో నార్డిస్క్‌లో లొట్టె బ్యెర్రె నుడ్సెన్ వేరొక మార్గము త్రొక్కెను. మానవ జీఎల్‌పీ-1నకే కొవ్వు ఆమ్లమును తగిలించినచో అది రక్తములోని ఆల్బుమిన్ అను ప్రోటీనును పట్టుకొని చిరకాలము నిలుచును. ఇట్లు పుట్టిన లిరాగ్లుటైడ్ దినమున కొకసారి సూదియైనది. గొలుసు మొదటినుండి రెండవ అమైనో ఆమ్లమును మార్చి ఎంజైము కోతను తప్పించి, ఇంకను పొడవైన కొవ్వు ఆమ్లమును జోడించగా వచ్చిన సెమాగ్లుటైడునకు అర్ధాయువు సుమారు ఒక వారము. రెండు నిమిషములు ఏడు దినములైనవి! 2017లో అది మధుమేహమునకు ఓజెంపిక్ పేరను, 2021లో స్థౌల్యమునకు వెగోవీ పేరను వెలువడినది.

స్థౌల్యము మాట ప్రత్యేకముగా చెప్పవలెను. చరకసంహిత సూత్రస్థానము 21వ అధ్యాయము అతిస్థూలుని అష్టనిందితులలో చేర్చినది. నేటికిని మనము లావుపాటి మనిషిని తిండిపోతని నిందించుట మానలేదు. మందులును వానికి మేలుచేయలేదు. 1930 ప్రాంతపు డైనైట్రోఫినాల్ ప్రాణములు తీసినది. ఫెన్‌ఫ్లురమైన్ గుండె కవాటములను చెఱచి 1997లో అంగడినుండి తొలగింపబడినది. సిబుట్రమైన్ గతియు నంతే. కనుక మెదడులోనికి ఇచ్చిన జీఎల్‌పీ-1 ఎలుకల యాకలిని అణచునని 1996లో లండనునుండి వచ్చిన వార్త మధుమేహమును మించిన యాశను రేపినది. 1,961 మందిపై 68 వారములు సాగిన పరీక్షలో సెమాగ్లుటైడ్ వాడినవారి బరువు సగటున నూటికి 14.9 వంతులు తగ్గగా, ఉత్తుత్తి మందు వారిది 2.4 మాత్రమే తగ్గినది. మందు మానిన యేడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండువంతులు తిరిగివచ్చినది కూడ. ఆకలి శరీరము పంపు వార్తయే గాని శీలదోషము కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

మన దేశమున దొరకు వెగోవీ పెన్నును చూడుడు. క్రొత్త సూదిని తగిలించి, అడుగునున్న మీటను త్రిప్పిన గవాక్షములో 0.25 అంకె కనబడును. పొట్టకో తొడకో గుచ్చి, సున్న వచ్చువరకు నొక్కి, ఆరు లెక్కించి తీయవలెను. నాలుగు వారములకు 0.25, తరువాత 0.5, ఇట్లు నెలలు గడచి 2.4 మిల్లీగ్రాములకు చేరవలెను. ఈ మందగమనము వమనమును, అజీర్ణమును తగ్గించుటకే.

ఫోనుద్వారా వైద్యమునకు మన దేశమున విధివిధానములు 2020 మార్చి 25న, కోవిడ్ లాక్‌డౌను తొలిదినమున వెలువడినవి. చీటీపై వైద్యుని రిజిస్ట్రేషను సంఖ్య యుండవలెననియు, కృత్రిమమేధ రోగికి మందు వ్రాయరాదనియు అందు కలదు. బ్రిటనులో మరియొక చిక్కు వచ్చినది: ప్రశ్నావళిలో అబద్ధపు బరువు వ్రాసి మందు తెప్పించుకొనువారు బయలుదేరగా, అచటి జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్ 2025 ఫిబ్రవరిలో ప్రశ్నావళి నొక్కదానిని నమ్మరాదనియు, ఎత్తును బరువును వేరుగ నిర్ధారించుకొనవలెననియు శాసించెను. ఆ శాసనము సర్వత్ర అనుసరణీయము. మన దేశమునకు ఈ కోవకే చెందిన టిర్జెపటైడ్ అను మందు 2025 మార్చిలో, వెగోవీ జూనులో వచ్చినవి. ఇచట సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు 2026 మార్చివరకే. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వంటి మన కంపెనీలు దానిని చేయ బూనినవి గనుక వెల దిగును, వాడుక పెరుగును.

కావున తెరపైనున్న వైద్యుని ముందు చదువరి దేనిని దాచకుండుగాక. కుటుంబమున మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సరు ఉన్నను, తనకు మునుపు క్లోమము వాచినను, గర్భధారణ తలంపున్నను అడుగకమునుపే చెప్పవలెను. చెప్పుటకు వైద్యుడే కనబడని చోట ఆ మందును కొనరాదు.