1914 నాటి తెలుగు వ్యాసరచనావివాదము - విశ్వవిద్యాలయములందలి పాఠ్యనిర్ణయవిధానము

నేడు హైదరాబాదు తూర్పుభాగమందలి కొత్తపేటలోనో దిల్‌సుఖ్‌నగరులోనో ఇంటర్మీడియెటు చదువుచున్న విద్యార్థి తెలుగు పరీక్షకు కూర్చుండి వ్యాసమును వాడుకభాషలో వ్రాయును. అట్లు వ్రాయుటకు తనకు అధికారము కలదా యను శంక వానికి కలలోనైనను పుట్టదు. నూఱేండ్ల పైచిలుకు క్రిందట ఇదే ఇంటర్మీడియెటు పరీక్షకు ఏ తెలుగు తగునను ప్రశ్న మద్రాసు విశ్వవిద్యాలయమున చర్చింపబడి, ఉపసంఘమునకు అప్పగింపబడి, అధికసంఖ్యాకుల అభిప్రాయము ననుసరించి నిర్ణయింపబడెను. ఆ నిర్ణయము హైదరాబాదునకు పరాయిది కాదు. 1887లో నెలకొన్న నిజాం కళాశాల 1947 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకే అనుబద్ధమై యుండెను గావున, చెన్నపురిలో ఏర్పడిన నియమము మూసీతీరమందలి విద్యార్థికిని నియమమే యయ్యెను.

మొదట ఆ విశ్వవిద్యాలయమున పాఠ్యక్రమము మాఱు తెఱగు తెలియవలెను. 1857లో స్థాపితమైన ఆ సంస్థ 1904 నాటి విశ్వవిద్యాలయచట్టముచేత క్రొత్తరూపు దాల్చెను. సెనేటునందు ఫెల్లోలనబడు సభ్యులు నూఱుగురకు మించరాదు. వారిలో పదుగురను పట్టభద్రులును, పదుగురను విద్యాశాఖలును ఎన్నుకొనగా, తక్కినవారిని చాన్సలరు నియమించుచుండెను. చాన్సలరన్న నాటి గవర్నరే. ఆయా విషయములకు బోర్డులనబడు పాఠ్యనిర్ణయసంఘములుండెను. ఏ పుస్తకము చదువవలెను, ఏ పత్రమున ఏమి యడుగవలెను అనువానిని గూర్చి సంఘము సలహా చెప్పును. సిండికేటు దానిని విమర్శించును. నిబంధనయే మాఱవలసి వచ్చినచో సెనేటు అంగీకారమును, ఆపై ప్రభుత్వానుమతియు కావలెను. పాణినీయులలో మునిత్రయమందు పరుని మాటకే ప్రామాణ్యము హెచ్చు. ఇచ్చటను అట్లే, విషయమెఱిగిన సంఘము మాటకంటె సిండికేటు మాటయు, దానికంటె సెనేటు మాటయు బలవత్తరములు. భేదమొక్కటి. పతంజలి పాణినికంటె తక్కువ వ్యాకరణ మెఱిగినవాడు కాడు. సెనేటునందు తెలుగు కూర్పరులు ఎందఱుండిరో చెప్పనక్కఱలేదు.

వివాదమునకు బీజము ఒక మంచి సంస్కరణమునందే పడినది. పూర్వపు ఎఫ్.ఏ. పరీక్ష తొలగి ఇంటర్మీడియెటు వచ్చినప్పుడు, మెట్రిక్యులేషను స్థానమున స్కూలుఫైనలు నిలిచినప్పుడు, దేశభాషలయందు వ్యాసరచన ప్రధానాంగమయ్యెను. అంతకు మున్ను తెలుగు చదువన్నది పద్యమునకు ప్రతిపదార్థము, లక్షణమునకు సూత్రము, వీని ధారణయే. బాలుడు తన తలపును తానై గద్యమున కూర్చగలడా యని పరీక్షించినవారు లేరు. క్రొత్త నియమము వాని నోట పలుకు వెడలింప జూచెను. అయితే ఆ పలుకు చిన్నయసూరి నీతిచంద్రిక ననుసరింపవలెనా, లేక చదువుకొన్నవారు ఇంట మాటలాడు తెలుగు ననుసరింపవలెనా యన్న సందేహమును నియమము చేసినవారు తీర్పకయే విడిచిరి. ఇంగ్లీషునకు వ్యాసరచన యెట్లో తెలుగునకును అట్లే యని వారు తలంచి యుందురు. ఆంగ్లమున మాటకును వ్రాతకును గల యెడము తెలుగునందలి యెడమంత కాదని వారికి తోచలేదు.

ఆ యెడమును గుర్తించినవారు వేఱొకచోట నుండిరి. 1906 ప్రాంతమున ఉత్తరసర్కారులకు పాఠశాలల తనిఖీయధికారిగా వచ్చిన జె.ఏ. యేట్సు దొర, బాలురు మాటలాడు తెలుగును పుస్తకముల తెలుగును ఇంత వేఱగుటకు కారణమేమని ఉపాధ్యాయుల నడుగ జొచ్చెను. విశాఖపట్టణమందలి కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాసయ్యంగారును, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారును, విజయనగరమున గురజాడ వేంకట అప్పారావుగారును ఆ ప్రశ్నకు స్పందించిరి. రామమూర్తి పంతులుగారు అప్పటికే సవరల భాషను వారి నోట విని నేర్చుచుండినవారు. లిపిలేని భాషకును వ్యాకరణము కలదని చెవులార వినినవారికి, వాడుక తెలుగునకు వ్యాకరణము లేదను మాట రుచింపకపోవుట సహజము. అప్పారావుగారు వాడుకభాషలో కన్యాశుల్కమును 1897లో ప్రకటించి, 1909లో పెంచి వ్రాసియుండిరి. 1911లో వారు విశ్వవిద్యాలయపు పాఠ్యనిర్ణయసంఘమున సభ్యులైరి. 1912–13 ప్రాంతమున స్కూలుఫైనలు విద్యార్థులు కావ్యభాషలో గాని ఆధునికభాషలో గాని వ్యాసము వ్రాయవచ్చునని అనుమతి వెలువడెను.

ఈ అనుమతి అధికారుల ఉత్తరువుగా వచ్చెనే కాని పండితుల సంప్రదింపుతో వచ్చినది కాదు. ఉత్తరువుతో వచ్చినది ఉత్తరువుతోనే పోవును. 1911లో చెన్నపురిని స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు దీనిని తీవ్రముగ నెదిర్చెను. ఆ పక్షమునకు నాయకులైన జయంతి రామయ్యపంతులుగారు ప్రభుత్వోద్యోగులు, శాసనపరిశోధకులు. తరువాతి కాలమున సూర్యరాయాంధ్రనిఘంటువునకు సారథ్యము వహించినవారు. ఊరూర సభలు జరిగినవి, తీర్మానములు కుదిరినవి, విజ్ఞప్తులు అధికారుల కందినవి. 1913లో రామయ్యపంతులుగారు గ్రాంథికమును సమర్థించుచు ఇంగ్లీషున నొక గ్రంథమును ప్రకటింపగా, అదే యేట రామమూర్తి పంతులుగారు ఆధునికాంధ్రమును గూర్చి ఇంగ్లీషుననే యొక విజ్ఞాపనమును ప్రకటించిరి. తెలుగు ఏ తెలుగై యుండవలెనను వాదము ఇరుపక్షములవారును పరభాషలో నడపవలసి వచ్చినది! సెనేటు సభ్యులలో పెక్కురకు తెలుగు రాదు గదా. ఆ కాలపు పాఠ్యనిర్ణయవిధానమును దెలుపుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఇంటర్మీడియెటు విషయమును విచారించుటకు ఏర్పడిన ఉపసంఘమున అధికసంఖ్యాకులు గ్రాంథికమే ఉండవలెనని నివేదించిరి. అప్పారావుగారు ఆ నివేదికతో విభేదించి సుదీర్ఘమైన అసమ్మతిపత్రమును ఇంగ్లీషున వ్రాసిరి. అది 1914లో గ్రంథముగ వెలువడెను. సాధారణముగ అసమ్మతిపత్రములు రెండు మూడు పుటలతో ముగిసి దస్త్రములలో నణగిపోవును. ఇది యట్లు గాక, తెలుగు గద్యచరిత్రమును, వ్యాకరణముల ప్రామాణ్యమును, వాడుకభాషయొక్క వ్యవస్థను పరిశోధించిన శాస్త్రగ్రంథ మయ్యెను. ఓడిన పక్షమువారి పత్రమే నేటికిని చదువబడుచున్నది. గెలిచిన నివేదికను వెదకువారు అరుదు.

అయినను అధికసంఖ్యాకుల పక్షమును మూఢమని త్రోసివేయుట న్యాయము కాదు. వారి వాదమున నొక్క యంశము బలమైనది. పరీక్ష యన్నచో కొలత కావలెను. ఉత్తరసర్కారుల బాలుడొక తీరుగను, నెల్లూరి బాలుడొక తీరుగను, కడప బాలుడు వేఱొక తీరుగను వ్రాసినచో, దిద్దువాడు ఏది తప్పనవలెను? కావ్యభాష యే జిల్లాదియు కాదు గావున అందఱకును సమమైన దూరమున నున్నదని వారి యాశయము. దీనికి ఆధునికవాదుల సమాధానము శిష్టవ్యవహారము. చదువుకొన్నవారు పరస్పరము మాటలాడునప్పుడు మాండలికభేదములు తమంత తామే సన్నగిల్లి యొక సామాన్యరూపము ఏర్పడుచున్నదనియు, దానినే ప్రమాణముగ గైకొనవచ్చుననియు వారి మతము. ఆ శిష్టులెవరు, ఏ జిల్లాలవారు అన్న ప్రశ్నకు మాత్రము నాడు సంపూర్ణమైన యుత్తరము రాలేదు.

మఱి గ్రాంథికమునకైనను నికరమైన కొలత యుండెనా? బాలవ్యాకరణము 1858లో వెలువడెను. అది అంగీకరింపని ప్రయోగములు పూర్వకవులయందు పెక్కులు కనబడుటచేతనే బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885లో ప్రౌఢవ్యాకరణమును కూర్పవలసి వచ్చెను. అనగా ముప్పది యేండ్లలోపలనే కొలబద్దకు అతుకు పడినది. సంధి నిత్యమో వైకల్పికమో, ఏ ద్రుతప్రకృతికమునకు ద్రుతకార్యము విడువవచ్చునో, వీనియందు పండితులకే ఏకవాక్యత లేదు. ఇంటర్మీడియెటు బాలుడు ఒకచోట అరసున్న విడిచినచో నెన్ని మార్కులు పోవలెను? రామమూర్తి పంతులుగారు ఈ మర్మము నెఱిగి, గ్రాంథికవాదులు వ్రాసిన గ్రంథములనే తీసికొని వారి లక్షణముచేతనే వారి దోషములను పట్టి చూపిరి. 1933లో వారు ప్రకటించిన గద్యచింతామణి పూర్వుల గద్యమున వాడుకరూపములు ఎంత విరివిగ నున్నవో ఉదాహరించినది. 1830–31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారి యాత్రాచరిత్ర యొక్కటి చదివినను, సూరికి పూర్వము తెలుగు పెద్దలు గద్యమును ఎట్లు వ్రాసిరో తెలియగలదు.

ఇందు గమనింపదగినది మఱియొకటి. ఉపసంఘము ముందున్న పని, ఇంటర్మీడియెటు పత్రములను దిద్దుటకు మార్గము చెప్పుట. అది తెలుగున సాధువేది, అసాధువేది యన్న మహాప్రశ్నగా పరిణమించెను. మహాప్రశ్నకు ఓటు పడినది. దిద్దు మార్గమును గూర్చి మాత్రము ఇరుపక్షములకును నిశ్చయ మేర్పడలేదు. వ్యాకరణశాస్త్రమున శబ్దసాధుత్వము ప్రయోగముచేత నిర్ణీత మగును. చేతులెత్తి లెక్కించుటచేత కాదు. పాఠ్యక్రమము మాత్రము చేతులెత్తి లెక్కించుటచేతనే నిర్ణయింపబడవలసి యున్నది. ఈ రెంటిని కలగలుపుటయే నాటి చిక్కు.

1914–15 నాటికి స్కూలుఫైనలునందలి అనుమతియు రద్దుపడెను. 1915 నవంబరు 30న అప్పారావుగారు దివంగతులైరి. 1919లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు వాడుకభాషాపక్షమును చేరి, రాజమహేంద్రవరమున ఏర్పడిన వ్యావహారికభాషా ప్రవర్తకసమాజమునకు అధ్యక్షులై, కొలది నెలలకే కీర్తిశేషులైరి. ఇట్టి కలహము తెలుగువారికే ప్రత్యేకము కాదు. వంగదేశమున 1914లోనే సబుజ్‌పత్ర యను పత్రిక వాడుక వంగమునకు ధ్వజమెత్తెను. గ్రీసుదేశమున 1901లో సువార్త వాడుకభాషలోనికి అనువదింపబడగా ఏథెన్సులో అల్లరులు చెలరేగి ప్రాణములు పోయినవి; అచ్చటి పాఠశాలలలో వాడుకభాష స్థిరపడుట 1976లో గాని జరుగలేదు.

హైదరాబాదున పాఠ్యనిర్ణయము వేఱొక రీతిని నడచినది. 1917లో అక్బర్ హైదరీగారి విజ్ఞాపనముపై నిజాము ఫర్మానా వెలువడి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడెను. బోధనభాష ఉర్దూ యని ముందే నిశ్చయమై, పుస్తకములు తరువాత అనువాదశాలలో తయారైనవి. మద్రాసున సంఘము, సిండికేటు, సెనేటు అను సోపానక్రమము. ఇచ్చట ఏలిక యానతి మొదటి మెట్టు. పరభాషలో చదువు బాలుని జ్ఞాపకమునకే భారమగునను హైదరీగారి వాదము మెచ్చదగినదే కాని, ఆ వాదము తెలంగాణమందలి తెలుగు బాలుని యింటిదాక వచ్చి వాకిట నిలిచిపోయెను. వానికి తెలుగు పాఠ్యాంశములలో నొకటి మాత్రమే.

1968లో తెలుగు అకాడమి ఏర్పడి, 1969 ప్రాంతమున కళాశాలలలో తెలుగుమాధ్యమము ప్రవేశించినప్పుడు, ఇంటర్మీడియెటు శాస్త్రగ్రంథములు ఆధునికవ్యావహారికముననే వెలువడినవి. 1914లో మూయబడిన తలుపు ఈ విధముగ తెఱవబడినది. అయితే ఆ వ్యావహారికము ప్రధానముగ కోస్తాజిల్లాల శిష్టుల పలుకుబడి. నాడు గ్రాంథికవాదులు వేసిన ప్రశ్న, ఏ జిల్లా తెలుగు అన్నది, కాళోజీ నారాయణరావుగారి వంటివారి నోట క్రొత్త కోపముతో తిరిగి వినబడెను. అడిగినవారు మాత్రము గ్రాంథికమును కోరువారు కారు. తమ యింటి పలుకునకు గౌరవము కోరువారు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట కాళోజీగారి జన్మదినమైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినోత్సవ మయ్యెను. పాఠ్యపుస్తకములలో తెలంగాణ కవుల రచనలు హెచ్చుగ చేరినవి. ఇక కొత్తపేట విద్యార్థి తన వ్యాసమున ‘వచ్చాడు’ అనుటకు మాఱుగ తన తల్లి పలుకు ననుసరించి ‘వచ్చిండు’ అని వ్రాసినచో, దిద్దునట్టి పండితుడు ఎఱ్ఱసిరా కలమును ఎచ్చట నాపవలెనో తెలుపునట్టి నిబంధనము ఇంకను వ్రాయవలసియే యున్నది.