కోర్లు ఎక్కువుంటే గేమ్ స్పీడ్ పెరుగుతుందా..? గేమింగ్ ల్యాప్‌టాప్ కొనేముందు ఈ లెక్క తెలుసుకోండి!

విజయవాడ: ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అయిపోయి ఇంజినీరింగ్ కాలేజీలు తెరిచే టైమ్ వచ్చిందంటే పటమట, బెంజ్ సర్కిల్ ఇళ్లలో ఒకటే చర్చ.. పిల్లాడికి ఏ ల్యాప్‌టాప్ కొనాలి? చదువు కోసమే అయినా, అందులో గేమ్స్ కూడా ఆడాలిగా! షాపుకెళ్తే తరచూ వినిపించే మాట.. "ఇది 6 కోర్లు సర్, ఇంకొంచెం వేసుకుంటే 12 కోర్లది వస్తుంది". మరి కోర్లు డబులైతే గేమ్‌లో ఎఫ్‌పీఎస్ కూడా డబులవుతుందా? ఒక్క ముక్కలో చెప్పాలంటే.. అవ్వదు. 6 నుంచి 8 కోర్ల వరకు లాభం ఉంటుంది. ఆపైన పెట్టే డబ్బు గేమ్‌లో పెద్దగా కనిపించదు. ఎందుకో చూద్దాం.

అసలు ఇన్ని కోర్లు ఎందుకొచ్చాయి?

ప్రాసెసర్‌లో లెక్కలు చేసే పనివాడే కోర్. ఒకప్పుడు ఇళ్లలోని కంప్యూటర్లకు ఒకే కోర్ ఉండేది. దాని వేగాన్నే ఏటా పెంచుకుంటూ పోయారు. పెంటియం 4 దగ్గర అది 3.8 గిగాహెర్ట్జ్‌కి చేరేసరికి వేడి, కరెంటు వాడకం అదుపు తప్పాయి. దాంతో 2005లో ఇంటెల్ పెంటియం డీ, ఏఎమ్‌డీ అథ్లాన్ 64 ఎక్స్2 పేర్లతో రెండు కోర్ల ప్రాసెసర్లు తెచ్చాయి. ఒకడినే పరిగెత్తించే బదులు ఇద్దరికి పని పంచారన్నమాట.

ఆటోనగర్‌ లారీని చూస్తే అర్థమైపోతుంది

పటమట పక్కనే ఉన్న ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టడం చూసే ఉంటారు. రెండు వైపులా పలకలు బిగించడానికి నలుగురిని పెడితే పని తొందరగా అవుతుంది. కానీ బాడీ పూర్తికాకుండా పెయింట్ వేయలేరు. పెయింట్ ఆరకుండా పేరు రాయలేరు. ఇరవై మందిని తెచ్చినా ఆ వరుస మారదు.

1967లో జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ నిపుణుడు ఇదే విషయాన్ని లెక్కగట్టి చెప్పాడు. పనిలో సగం వరుసగా జరగాల్సిందే అయితే, ఎన్ని వందల కోర్లు పెట్టినా మొత్తం వేగం రెండింతలు దాటదు.

గేమ్ కూడా అంతే. మీరు బటన్ నొక్కాలి, దాన్నిబట్టి క్యారెక్టర్ కదలాలి, బుల్లెట్ ఎక్కడ తగిలిందో తేలాలి, ఆ తర్వాతే బొమ్మ గీయమని గ్రాఫిక్స్ కార్డ్‌కి ఆర్డర్ వెళ్లాలి. 60 ఎఫ్‌పీఎస్ కావాలంటే ఇదంతా 16.7 మిల్లీసెకన్లలో పూర్తవ్వాలి. 144 ఎఫ్‌పీఎస్‌కైతే 6.9 మిల్లీసెకన్లే! సౌండ్, మ్యాప్ లోడింగ్ లాంటివి వేరే కోర్లకు పంచొచ్చు. ప్రధానమైన వరుస పని మాత్రం ఎక్కువగా ఒక్క కోర్ మీదే పడుతుంది. ఆ ఒక్క కోర్ ఎంత వేగంగా ఉందనేదే ఇక్కడ కీలకం.

8 కోర్ల చిప్.. 16 కోర్ల చిప్‌ని దాటేసింది!

2022లో వచ్చిన ఏఎమ్‌డీ రైజెన్ 7 5800ఎక్స్3డీకి ఉన్నవి 8 కోర్లే. అదే తరానికి చెందిన రైజెన్ 9 5950ఎక్స్‌కి 16 కోర్లు. అయినా చాలా గేమ్స్‌లో 8 కోర్లదే ముందుంది. కారణం క్యాష్ మెమరీ. కోర్‌కి చేతికందేంత దగ్గర్లో ఉండే ఈ మెమరీ చిన్న చిప్‌లో 96 ఎంబీ ఉంటే, పెద్దదాంట్లో 64 ఎంబీ ఉంది.

2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5 కూడా మంచి ఉదాహరణే. కనీస అవసరంగా చెప్పిన కోర్ 2 క్వాడ్ క్యూ6600, సిఫారసు చేసిన కోర్ ఐ5 3470.. రెండూ 4 కోర్లవే! మారింది కోర్ల సంఖ్య కాదు, ఒక్కో కోర్ సత్తా.

అలాగని కోర్లు వేస్ట్ కాదు

2014లో ఫార్ క్రై 4 వచ్చినప్పుడు రెండే కోర్లున్న చాలా కంప్యూటర్లలో అసలు ఓపెన్ కాలేదు. 2013 నాటి ప్లేస్టేషన్ 4 నుంచి 2020 నాటి ప్లేస్టేషన్ 5 వరకు అన్నీ 8 కోర్లతోనే వచ్చాయి. అందుకే పెద్ద గేమ్స్‌ని ఆ లెక్కలోనే తయారు చేస్తున్నారు. 2015లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12, 2016లో వచ్చిన వల్కన్.. గ్రాఫిక్స్ కార్డ్‌కి ఆర్డర్లు సిద్ధం చేసే పనిని కూడా పలు కోర్లకు పంచే వీలు కల్పించాయి. ఇప్పుడు 4 కోర్లతో పెద్ద గేమ్ ఆడితే సగటు ఎఫ్‌పీఎస్ బాగానే కనిపించినా, మధ్యమధ్యలో ఆగి ఆగి నడుస్తుంది. గేమ్ ఆడుతూ లైవ్ స్ట్రీమింగ్ చేసేవాళ్లకి, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి ఎక్కువ కోర్లు నిజంగానే పనికొస్తాయి.

'12 కోర్లు' అన్న మాట వెనక..

ఇంటెల్ 12వ తరం నుంచి ఒకే చిప్‌లో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిపి ఇస్తోంది. కోర్ ఐ5 12500హెచ్‌లో మొత్తం 12 కోర్లున్నా పెద్దవి 4 మాత్రమే. కోర్ ఐ7 12650హెచ్‌లో మొత్తం 10 అయినా పెద్దవి 6. గేమ్ భారం మోసేవి ప్రధానంగా పెద్ద కోర్లే.

మీ చేతిలో ఉన్న ఫోన్‌దీ ఇదే కథ. చవక ఆండ్రాయిడ్ ఫోన్ బాక్స్ మీద కూడా 'ఆక్టా కోర్' అని ఉంటుంది. ఐఫోన్‌లో 2017 నుంచీ 6 కోర్లే. మరి గేమ్ ఎందులో స్మూత్‌గా ఆడుతుందో మీకు తెలిసిందే.

మీ సిస్టమ్‌లో లోపం ఎక్కడుందో ఇలా చూడండి

* గేమ్‌లో రెజల్యూషన్ బాగా తగ్గించండి. ఎఫ్‌పీఎస్ పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డ్ మీద ఉన్నట్టు. పెరగకపోతే ప్రాసెసర్ దగ్గరే ఆగుతోందని అర్థం.
* టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 30 శాతమే చూపిస్తోందని ధీమాగా ఉండొద్దు. 16 థ్రెడ్లున్న చిప్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తంలో అది 6.25 శాతమే! గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్ వ్యూలో విడివిడిగా చూడండి.

కొనేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి

* ముందు గ్రాఫిక్స్ కార్డ్, తర్వాతే ప్రాసెసర్. కొత్త తరం 6 కోర్లు చాలామందికి సరిపోతాయి. 8 ఉంటే ఇంకా నిశ్చింత.
* ల్యాప్‌టాప్‌లో ఒకే పేరున్న గ్రాఫిక్స్ చిప్ కూడా వేర్వేరు వాట్లలో వస్తుంది. ఎన్ని వాట్లో అడగండి.
* ఒకే 16 జీబీ ర్యామ్ స్టిక్ కంటే రెండు 8 జీబీ స్టిక్‌లు మేలు.
* బెజవాడ ఎండల సంగతి మర్చిపోవద్దు! గది వేడెక్కితే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కూలింగ్ సరిగా లేని 12 కోర్ల ల్యాప్‌టాప్ కంటే, చల్లగా నడిచే 6 కోర్లదే గేమ్‌లో ముందుండొచ్చు.

ల్యాప్‌టాప్‌లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ చాలావరకు తర్వాత మార్చుకోవచ్చు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ మాత్రం దాదాపు అన్నింట్లో బోర్డుకే అతికించి ఉంటాయి. ఇవాళ కొన్నదే బీటెక్ నాలుగేళ్లూ నెట్టుకురావాలి. కాబట్టి షాపులో "ఎన్ని కోర్లు?" అని కాదు.. "ఈ బడ్జెట్‌లో ఏ గ్రాఫిక్స్ కార్డ్ వస్తుంది? పెద్ద కోర్లు ఎన్ని?" అని అడగండి.