విహారద్వీపమున న్యాయవిచారణ

విశ్రాంతిదినములలో ఊరు విడిచి దూరదేశమున సుఖముగా గడపి రావలెనను కోరిక జనసామాన్యమునకు కలుగుట మిక్కిలి ప్రాచీనమైన సంగతి కాదు. పూర్వులు పుణ్యార్థమై తీర్థములకు పోయిరి. పెండ్లికో పురిటికో బంధువుల యిండ్లకు పోయిరి. కేవల విహారార్థమైన ప్రయాణము ప్రభువులకును ధనవంతులకును మాత్రమే చెల్లుచుండెను. దానిని సామాన్యుని ముంగిటికి దెచ్చినది పొగబండి.

1841 జూలై 5వ తేదీన థామస్ కుక్ అను నాతడు ఇంగ్లండులోని లెస్టరు నుండి లఫ్‌బరోకు మనిషికొక షిల్లింగు చొప్పున సుమారు ఐదువందలమందిని రైలులో గొనిపోయెను. ఆ ప్రయాణము మద్యపాన నిరసనసభ కొరకు జరిగినది. కల్లంగడి తప్ప వేఱు వినోద మెఱుగని కార్మికునకు మఱియొక వినోదమును చూపవలెనని యాతని తలంపు. సంస్కర్త నాటిన యీ విత్తనమే పిదప గొప్ప వర్తకవృక్షమయ్యెను. 1871లో బ్యాంకుసెలవుల చట్టమును, 1938లో వేతనముతోడి సెలవుల చట్టమును ఆ దేశమున వెలువడినవి. సముద్రతీరములందు వసతిగృహములు నిండసాగెను.

ఇందువలన క్రొత్తవిధమైన పరిచయము లేర్పడెను. స్వగ్రామమున ప్రతివాని పూర్వోత్తరములును ఇరుగుపొరుగు వారెఱుగుదురు. విహారస్థలమున నట్లు కాదు. ప్రక్కపీటపై కూర్చుండి భుజించువాడు ఎవడో, నిన్న ఏమి చేసి వచ్చెనో తెలియదు. ఈ తెలియమియే ఉత్కంఠ గొల్పు నవలలకు మూలధనమైనది. ఇందు ప్రసిద్ధి కెక్కిన అగాథా క్రిస్టీ 1890లో డెవన్ మండలమున టార్కీ యను సముద్రతీరవిహారపట్టణమందే జన్మించెను. ఆమె 1939 నవంబరులో, యూరపున యుద్ధ మారంభమైన కొలదివారములకే, ద్వీపమునందలి పదిమంది కథను ప్రకటించెను. పోటు సమయమున మాత్రమే నీటిచే చుట్టబడు డెవన్ తీరపు బర్గ్ ద్వీపము ఆ కథకు ప్రేరకమని చెప్పుదురు.

కథాసంగ్రహ మిది. ఆగస్టు మాసమున నొక ద్వీపగృహమునకు ఎనిమిదిమంది రప్పింపబడుదురు. కొందఱికి సెలవులు గడపుటకై ఆహ్వానము, కొందఱికి ఉద్యోగపు ఆశ. సేవకదంపతులు ముందే వచ్చి యుందురు. పిలిచినవాడు కానరాడు. తొలిరాత్రి భోజనానంతరము గ్రామఫోను పలక యొకటి మ్రోగి, పదిమందిలో ప్రతివానిపైనను ఒక్కొక్క హత్యానేరమును మోపును. తుపాను లేచును; పడవ తిరిగి రాదు; ఒకరి వెనుక నొకరు మరణింతురు. చంపిన దెవరన్న సంగతి మే మిచట వెల్లడింపము. అది పాఠకుల సొత్తు.

మేము విచారింపదలచినది ఆ నేరముల స్వభావము. వైద్యుడొకడు త్రాగిన మైకముతో శస్త్రచికిత్స చేసి రోగిని చంపెను. యువకుడొకడు మోటారుబండి వేగమునకు ఇద్దఱు పిల్లలను బలియిచ్చెను. తన అనుమతిపత్రము కొంతకాలము రద్దగుట తప్ప అతనికి వేఱు చింత లేదు. ఎమిలీ బ్రెంట్ అను భక్తురాలు గర్భవతియైన పనిపిల్లను ఇల్లు వెడలగొట్టెను, కన్నవారును ఆదరింపలేదు, ఆ పిల్ల నీట దూకెను. బ్రెంట్ తన నడవడిలో లోపమే చూడదు. వీరి నే న్యాయస్థానమును శిక్షింపలేదు. సాక్ష్యము లేకపోవుటచే కొందఱు, చట్టమునకే యందని పాపమగుటచే కొందఱు తప్పించుకొనిరి.

లొంబార్డ్ అను సాహసికుడు ఇరువదియొక్క ఆఫ్రికనులను తిండి లేకుండ విడిచి పాఱిపోయినట్లు తానే యొప్పుకొనును. నల్లవారు చావును తమవలె లెక్కింపరని సమాధానము చెప్పును. నల్లవారైనను తెల్లవారైనను సోదరులే యని పలుకునది, చిత్రముగా, పనిపిల్లను వెడలగొట్టిన బ్రెంట్. దూరమందలి వారియెడ సోదరభావము సులభము. తన వంటయింటిలోని దానియెడ కష్టము. రచయిత్రియు ఈ దోషమునకు పూర్తిగా వెలియైనది కాదు. గ్రంథమునకు మొదట పెట్టిన పేరు నల్లవారిని కించపఱచు మాట. అమెరికాలో 1940లోనే దానిని మార్చిరి. ఇంగ్లండులో 1985 వఱకు నది నిలిచెను.

1943లో క్రిస్టీయే దీనిని నాటకముగా వ్రాసి ముగింపు మార్చెను. ఇద్దఱు నిర్దోషులుగా తేలి బ్రతికి బయటపడుదురు. వారిలో నొకడు లొంబార్డే! ప్రేక్షకులకు ఊరట దొరికెను. కాని నవల యందలి న్యాయప్రశ్న బలహీనమయ్యెను. 1965లో హిందీ చిత్రము గుమ్‌నామ్ ఈ కథాచ్ఛాయనే గ్రహించి, బహుమతిగా విహారయాత్ర పొందినవారిని నిర్జనస్థలమున చిక్కించెను.

చట్టము విడిచిన దోషిని వేఱొకడు రహస్యముగా దండింపవచ్చునా? వలదనియే మా యభిప్రాయము. అట్టి దండకుడు తానును హంతకుడే. తన తీర్పునకు పైవిచారణ లేదు. అతడు పదిమందిని చంపినను, చనిపోయిన పనిపిల్ల బ్రతుకదు. మఱునా డింకొక పనిపిల్ల గెంటివేయబడకుండ నుండదు. ఆమెకు కావలసినది పగ తీర్చువాడు కాడు. ఆ రాత్రి తలుపు తెఱచువారు. ఆ తలుపు తెఱచుటకు న్యాయాధిపతి పదవి యక్కఱలేదు, ద్వీప మక్కఱలేదు. గృహస్థులైన మనకు గడియ తీయు చేయి యున్న చాలును.