చిల్లర ఎవరి చేతిలో ఉంది?

చిల్లర లేదని అంగడివాళ్లు రూపాయికి బదులు చాక్లెట్టు ఇస్తుంటారు. రేపు అదే చాక్లెట్టు మనం తిరిగి ఇస్తే రూపాయిగా తీసుకోరు. ఈ చిన్న విషయం వెనుక పెద్ద చరిత్రే ఉంది.

ఇంగ్లండులో 1649లో మొదటి చార్లెస్ రాజుకు మరణశిక్ష వేశారు. ఆ తరువాత చాలా ఏళ్లు ప్రభుత్వం రాగి చిల్లర వేయించలేదు. పేదవాడు రొట్టె కొనాలంటే అర పెన్నీ, పావు పెన్నీ కావాలి. అందుకని దుకాణదారులే రాగి, ఇత్తడి బిళ్లలు చేయించుకున్నారు. వాటి మీద యజమాని పేరు, ఊరు, వ్యాపారం గుర్తు ఉండేవి. బజారు ఆగకుండా నడిచింది, అది మేలే. కానీ ఊరు దాటితే ఆ బిళ్లను నమ్మేవాళ్లు తక్కువ. దుకాణం మూతపడితే పోయేది బిళ్ల దాచుకున్నవాడి సొమ్ము. 1672లో రెండవ చార్లెస్ ప్రభుత్వ రాగి నాణేలు తెచ్చి, సొంత బిళ్లలను నిషేధించాడు.

తరువాతి కాలంలో కొందరు గనుల, మిల్లుల యజమానులు కూలి కిందే బిళ్లలు ఇచ్చారు. అవి యజమాని దుకాణంలోనే చెల్లేవి. సరుకు ఆయనదే, ధర చెప్పేదీ ఆయనే. 1831లో అక్కడ చట్టం చేసి, చాలా పనులకు కూలి నాణేలలోనే ఇవ్వాలన్నారు. మన దేశంలో 1889 చట్టం డబ్బుగా వాడే ప్రైవేటు లోహపు బిళ్లలను నిషేధించింది. 1948 చట్టం కనీస వేతనం నగదుగా ఇవ్వాలంది.

మరి మన సంగతి? నెల్లూరు సీమ యానాదులకు చాలాకాలం బిళ్ల కూడా దక్కలేదు. 1835లో శ్రీహరికోట కంపెనీ చేతికి వచ్చింది. అక్కడి మనవాళ్లు అడవి సరుకు తెచ్చి ఇస్తే ప్రతిగా ధాన్యం కొలిచేవారు. ధాన్యం ఆకలి తీరుస్తుంది, నిజమే. కానీ కొలత పాత్ర మన చేతిలో లేదు.

ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల్లో ఇప్పుడు ఆ పాత్ర స్థానంలో పద్దు పుస్తకం ఉంది. అడ్వాన్సు తీసుకుని పనికి పోయిన కుటుంబానికి ఎంత తీరిందో, ఎంత మిగిలిందో రాసేది ఒక్కరే. అప్పు చూపి మనిషిని కట్టిపడేయడాన్ని 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం నేరమంది. పద్దు చదవలేనివాడికి ఆ చట్టం గుర్తుకు రాదు.

అందుకే ఉపాధ్యాయ మిత్రులను మేము కోరేది ఒకటే. లెక్కల పాఠంలో మామిడిపండ్ల లెక్కలతో పాటు అడ్వాన్సు, కూలి, మిగులు లెక్కలు కూడా చేయించండి. చదువుకున్న యువకులు తమ ఇంటి పద్దు తామే వేరే నోటుబుక్కులో రాసుకోవాలి. రెండు పుస్తకాలు ఉన్నచోట ఒక్కరి మాటే చెల్లదు.